ముగ్గుల వెనక తేదీలు

పంతులు గారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బరంపురంలో, నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో, తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దుతున్నాను.

"ఏ వేళప్పుడు?" అన్నాను.

"ఏటే, మనిషి పోయాడంటే ముందు అదడుగుతావేటి?" అంది అమ్మ.

అది ఆయన దగ్గర వచ్చిన అలవాటే. ఎవరు పోయారని కబురొచ్చినా ఆయన ముందు అడిగేది వేళ. తిథి మన గడియారం చూసి మారదు, తన వీలు చూసుకుని మారుతుంది. ఏడాది తిరిగాక ఆ మనిషి పేరున పిడికెడు అన్నం పెట్టాలంటే ఊపిరి పోయిన వేళ తెలియాలి. "ఏడవడానికి తర్వాతైనా టైముంటాది పాపా. వేళ మరిసిపోతే మళ్ళీ దొరకదు" అనేవారు.

పొద్దున్నే నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కూలబడిపోయారట. పాలు పోసేవాడు అప్పుడే గేటు వేసి వెళ్ళాడట. చేతిలో ఉన్న పుస్తకంలోని చీటీ మీద ఆ వేళ రాసుకున్నాను. ఆ తర్వాత ఏం చేయాలో తోచలేదు. పుస్తకాల బండిని కిటికీ దాకా తోసి, మళ్ళీ వెనక్కి తోసుకొచ్చాను. సాయంత్రం పాసింజరులో కూర్చున్న చోటు మూడుసార్లు మార్చాను. ఇదిగో, ఇది రాస్తూ కూడా లేచి తిరిగొస్తున్నాను.

ఆయనా అంతే, కుదురుగా కూర్చునే మనిషి కాదు. పీట మీద కూర్చుని మంత్రం చెప్తున్నంతసేపే ఆయన కాళ్ళు ఆగేవి. మిగతా వేళంతా నడకే. వరండా నుంచి గేటు దాకా, గేటు నుంచి వరండా దాకా.

మాది గిరిసోల. ఒడిశా మా ఊరితో ఐపోతుంది, తర్వాతి స్టేషను ఇచ్ఛాపురం ఆంధ్రలోది. స్టేషను దాటగానే మా నాన్న కిరాణా కొట్టు, దాని వెనక మా ఇల్లు, మా వెనక వీధిలో పంతులు గారిది. పెళ్ళాం పోయాక ఆయన ఒక్కరే ఉండేవారు. చుట్టుపక్కల పల్లెల్లో వరీ కొబ్బరీ పండించే తెలుగు కుటుంబాలకి ఆయనే పురోహితుడు. వాళ్ళని "నా ఇళ్ళు" అనేవారు. ఎవరింట్లో పెద్దలు ఏ నెల, ఏ తిథిన పోయారు, అది ఈ ఏడు ఏ తేదీన పడింది, అన్నీ చూసి ముందుగా కబురు పంపేది ఆయనే. ఆ రోజు సైకిలు మీద వెళ్ళి, తద్దినం పెట్టించి, వాళ్ళిచ్చిన స్వయంపాకం సంచిలో వేసుకుని వచ్చేవారు. బియ్యం, పప్పు, గుమ్మడి ముక్క, పచ్చి అరటికాయలు. మా వీధిలో అరటికాయ వేపుడు వాసన వస్తే, ఇవాళ ఎవరి పెద్దలో అన్నం తిన్నారని మేం అనుకునేవాళ్ళం.

ఆ ఇళ్ళలో తిరిగి తిరిగి ఆయన మాట మా మాటలాగే ఐపోయింది. మంత్రంలో మాత్రం ప్రతి అక్షరం దాని చోటు నుంచి పలికేది. మంత్రం అవగానే "ఏటమ్మా, మజ్జిగున్నాదా?" అని మళ్ళీ మాలోకి వచ్చేసేవారు.

నేను బరంపురం కాన్వెంటులో చదివాను. అక్కడ ఇంగ్లీషు, ఒడియా, హిందీ చెప్పేవారు, తెలుగు లేదు. తెలుగు నాకు మాట్లాడుకునే భాష, చదివే భాష కాదు. ఆ మాట్లాడడమూ తక్కువే. సిస్టర్లు ఏటేటా నా రిపోర్టు కార్డులో ఒకే వాక్యం రాసేవారు, ఈ అమ్మాయి గట్టిగా మాట్లాడాలి అని.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పంతులు గారు చంకలో ఒక పాత ల్యాప్‌టాప్‌తో వచ్చారు. ఆయన మేనల్లుడు బరంపురంలో పేరున్న పురోహితుడు. తను కొత్తది కొనుక్కుని పాతది మావయ్యకిచ్చాడట.

"నీకిది వొచ్చంట గదా పాపా?"

"కొంచెం వచ్చండి."

"కొంచెం నాకూ వొచ్చు. మూత తియ్యడం వొచ్చు. ఆ తర్వాతది నీకు వొచ్చా?"

పంచాంగాన్ని అందులోకి ఎక్కించాలన్నది ఆయన ఆలోచన. ఎందుకండీ, పుస్తకం ఉంది కదా అన్నాను. "ఈ మధ్య పంచాంగం అచ్చు బాగోట్లేదే. సిరా పల్సన సేసేస్తన్నారు" అన్నారు. నేను నమ్మాను. నా కళ్ళకి ఆ సిరా నల్లగానే కనిపించింది, అయినా నమ్మాను. పెద్దవాళ్ళు చెప్పింది పట్టుకుని పరీక్షించడం నాకు అలవాటు లేదు.

ముందు నాకు తెలుగు చదవడం రావాలి. అమ్మ దగ్గర గుణింతాలు రాయించుకున్నాను. నేను మొదట కూడబలుక్కుని చదివిన తెలుగు పుస్తకం ఆ పంచాంగమే. 'జ్యేష్ఠ' అన్న మాట నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది. నేను వరండాలో కూర్చుని తిథీ, అది ముగిసే వేళా చదివేదాన్ని. ఆయన నడుస్తూ వినేవారు. ఒక తిథి రెండు రోజుల మీద పడితే ఆగి, "మద్దేన్నానికి ఉన్నాదా లేదా అది సూడు. పితృదేవతలు పొద్దున్నే లేవరు, మద్దేన్నం భోజనానికే వొస్తారు" అనేవారు. ఈ ముక్కలు ఇవాళ తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ నడక పక్కన కూర్చుని చదివిన చదువే.

అలా ల్యాప్‌టాప్‌లోని గడుల షీటులో ఉగాది నుంచి ఉగాది దాకా ఒక కాలమ్‌లో తేదీలు, పక్కన తిథులు వచ్చాయి. ఇంకో పేజీలో ఆయన ఇళ్ళు. ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాశాం: పెద్దనూతి వాళ్ళ ఇల్లు, మిల్లు వాళ్ళ ఇల్లు, సూరత్ పెద్దమ్మ ఇల్లు. ఈ సూరత్ పెద్దమ్మ ఎప్పుడూ సూరత్ చూడలేదు. ఆవిడ కొడుకులిద్దరూ అక్కడ మగ్గాల మిల్లులో పనిచేస్తారు కాబట్టి ఆ పేరు. రెండు బొత్తాలు పెట్టి, నొక్కగానే మిషను ఏం చేయాలో చెప్పే మాక్రోలు వాటి వెనక రాశాను. ఒకటి నొక్కి ఇల్లు చెప్తే తేదీ వస్తుంది. ఇంకోటి నొక్కి తేదీ కొడితే ఆ రోజు ఏ ఇళ్ళకి వెళ్ళాలో వస్తుంది. ఈ రెండోది చూడడానికి సులువు. ఈ పని చేసినవాళ్ళకి తెలుసు, షీటులో తేదీని వెతకడం అంత జారిపోయే పని ఇంకోటి లేదు.

వారం తిరక్కుండానే గేటు దగ్గర ఆయన గొంతు వినబడింది.

"పాపా, మీ మిషను రేపు లేదంటంది."

వెళ్ళి చూశాను. 'తేదీ దొరకలేదు' అని ఉంది. పేజీ తెరిస్తే తేదీల కాలమ్ మొత్తం, పైనుంచి కిందిదాకా, హ్యాష్ గుర్తులు. అడ్డగీతలూ నిలువుగీతలూ వరసగా.

"ఇవేంటండీ?"

"ముగ్గులు కావా? నువ్వే పెట్టేవనుకున్నాను. బాగానే ఉన్నాయి."

ఆయన ఎవరినో అడిగి అక్షరాలన్నీ పెద్దవి చేయించుకున్నారు. గడి ఇరుకు, తేదీ పెద్దది. ఇమడకపోతే మిషను తేదీ బదులు ఆ గుర్తులు నింపేస్తుంది. నా మాక్రోని నేను పైకి కనిపించేదాన్ని చూసి వెతకమని రాశాను. దానికి కనిపించింది ముగ్గులే. లోపల తేదీ భద్రంగా ఉంది, కానీ అది లోపలికి చూడదు. కాలమ్ వెడల్పు చేస్తూ ఇదంతా నా మామూలు గొంతుతో, అంటే సగం నాలోనే, చెప్పాను.

"అంటే దాని కంటికి ఆననిది దానికి లేనట్టే" అన్నారు.

"అంతేనండి. మీరు అక్షరాలు అంత పెద్దవి ఎందుకు చేయించారు?"

ఆయన లేచి గేటు దాకా నడిచారు. తిరిగొచ్చారు. మళ్ళీ వెళ్ళారు. రెండోసారి వచ్చాక నా వైపు చూడకుండా, "షుగరు కంటెనకాల నరాన్ని తినేసిందంట. బరంపురం డాక్టరు సెప్పేడు. ఇంక ఆపరేషన్లూ అయ్యీ లేవంట" అన్నారు. ఆ తర్వాత, "నా ఇళ్ళవాళ్ళకి సెప్పకు" అన్నారు.

అప్పుడు అర్థమైంది సిరా సంగతి. తిథి చూసి చెప్పలేని పంతులుని ఎవరు పిలుస్తారని ఆయన భయం. మేనల్లుడికి తెలిస్తే ఇళ్ళన్నీ తను తీసుకుంటానంటాడు. ఇళ్ళు పోతే ఆ వరండా నుంచి గేటు దాకా తప్ప ఆయనకి నడవడానికి చోటుండదు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక ఏర్పాటు కుదిరింది. ఎవరైనా తిథి అడగడానికి వస్తే ఆయన పంచాంగం తెరిచి ముఖం ముందు పట్టుకునేవారు. నేను ఆయన పక్కన చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తేదీ వెతికి, ఆయనకి మాత్రమే వినబడేటట్టు చెప్పేదాన్ని. ఆయన పుస్తకంలో చదివినట్టు గొంతెత్తి చెప్పేవారు. కళ్ళు నావి, గొంతు ఆయనది. నాకది హాయిగా ఉండేది. ఆయనకి మాత్రం ఒక అసంతృప్తి ఉండేది. వచ్చినవాళ్ళు వెళ్ళాక, "నువ్వు గుసగుసలాడితే నాకు సరే. పితృదేవతలకి వినబడొద్దా?" అనేవారు.

ఒకసారి సూరత్ పెద్దమ్మ వచ్చింది. వాళ్ళాయన పోయి ఏడాది కావస్తోంది. కొడుకులిద్దరూ సెలవు పెట్టి రావాలి, మిల్లులో సెలవు ఒక్కసారే దొరుకుతుంది, తేదీ ముందే కావాలి.

"శ్రావణ బహుళం కదా" అన్నారు పంతులు గారు.

"కాదండీ, భాద్రపదం. కొట్లో కాలెండర్ల సూసే రాయించినాను."

"పున్నమి ముందా తర్వాతా?"

"తర్వాతే."

"అయితే మనకి శ్రావణమే."

ఆ ప్రశ్న ఆయన ఎవరినైనా అడిగేవారు. మా ప్రాంతంలో తరచూ జరిగే పొరపాటు ఇది. మా నాన్న కొట్లో గోడకి వేలాడేది ఒడియా కాలెండరు. తెలుగువాళ్ళ నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా నెల పున్నమితో. పున్నమి దాకా ఇద్దరిదీ ఒకే నెల. పున్నమి దాటగానే మేం ఇంకా శ్రావణంలో ఉంటాం, మా పక్కింటి ఒడియావాళ్ళు భాద్రపదంలోకి వెళ్ళిపోతారు. రోజు అదే. పేరే వేరు. ఏడుపుల్లో గోడ మీద ఉన్న నెల చూసి రాసుకున్నవాళ్ళు, తర్వాత తెలుగు లెక్కన తద్దినం పెట్టబోతే ఒక నెల తేడా వచ్చేస్తుంది. ఆ చిక్కు విప్పడానికి ఆయనకి ఆ ఒక్క ప్రశ్న చాలు.

నేను తేదీ వెతికి చెవిలో చెప్పాను, తొమ్మిదో నెల ఐదు. ఆయన పంచాంగంలోకి చూస్తూ గట్టిగా చెప్పారు. సూరత్ పెద్దమ్మ ఆయన చేతిలో పుస్తకం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత చూస్తే ఆ పుస్తకం తలకిందులుగా ఉంది. ఆయనకి చెప్పలేదు. చెప్పి ఏం చేయను?

సెప్టెంబరు ఐదు వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆయన తనే తేదీ కొట్టి రెండో బొత్తాం నొక్కారు. అది మిల్లు వాళ్ళ ఇల్లు చూపించింది. మిషను వచ్చాక తేదీలు గుర్తుపెట్టుకోవడం మానేశారు కాబట్టి ఆయన అదే నమ్మారు. పొద్దున్నే ఎండకి ముందు బయల్దేరి మిల్లు వాళ్ళ ఊరు వెళ్ళారు. వాళ్ళు గుమ్మంలో నిలబడి, "మాది వైశాఖంలో ఐపోయింది గదా పంతులుగారూ, మీరే సేయించేరు" అన్నారట.

ఆ వేళకి ఇటు పక్క ఊళ్ళో సూరత్ పెద్దమ్మ కొడుకులిద్దరూ తడిబట్టలతో, పచ్చి మంచినీళ్ళు తాగకుండా కూర్చుని ఉన్నారు. పిండాలకి వండిన అన్నం చల్లారిపోతోంది. పొద్దు వాలిపోతే ఆ రోజు చేసినా లాభం లేదని అందరికీ తెలుసు. ఎవరో మోటారు సైకిలు మీద వెతుక్కుంటూ వెళ్ళి ఆయన్ని వెనక ఎక్కించుకుని తెచ్చారు. పొద్దు వాలుతుంటే పని పూర్తయింది. ఆయన సంచి తీసుకుని లేస్తుంటే సూరత్ పెద్దమ్మ అందట:

"మీ మిషను మా ఆయన్ని ఒగ్గేసిందేటండీ? బతికున్నప్పుడూ బస్సోళ్ళు ఇలగే ఒగ్గేసీవోరు."

ఆయన నవ్వలేకపోయారట. సాయంత్రం మా ఇంటికి వచ్చారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పెరట్లో అరటి చెట్టు దగ్గర్నుంచి నూతి దాకా నడుస్తూనే ఉన్నారు. అమ్మ మజ్జిగ ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకుని కూడా నడిచారు.

నేను మాక్రో తెరిచి వరస వరసా చదివాను. తప్పు కనబడలేదు. తేదీల కాలమ్ సరిగ్గానే ఉంది. ఇల్లు చెప్తే తేదీ సరిగ్గానే ఇస్తోంది. తేదీ చెప్తేనే ఒక్కోసారి వేరే ఇల్లు చూపిస్తోంది.

"ఎప్పుడూ తప్పు సెప్తందా?" నడుస్తూనే అడిగారు.

"లేదండి. మొన్నటి దాకా బాగానే ఉంది కదా. పోయిన నెల ఇరవయ్యో తేదీ, ఇరవై నాలుగు, అన్నీ సరిగ్గానే వచ్చాయి."

ఆయన ఆగారు. "అయితే పున్నమి ముందా తర్వాతా?"

నేను ఆయన వేళాకోళమాడుతున్నారనుకున్నాను. కాదు.

"సగం నెల సరిపోయి సగం నెల తప్పితే అది పొరపాటు కాదే పాపా. లెక్కెట్టేవోడి పద్ధతి వేరు. ఎక్కడిదాకా తప్పు, ఎక్కణ్ణుంచి ఒప్పు, అది సూడు ముందు."

ఒకటో తేదీ నుంచి ఒక్కొక్కటే కొట్టి చూశాను. పన్నెండో తేదీ దాకా దాదాపు అన్నీ తప్పు. పదమూడు నుంచి అన్నీ ఒప్పు. పన్నెండు అన్న అంకె చూడగానే తెలిసిపోయింది. నెలలు పన్నెండు. ఆ పాత ల్యాప్‌టాప్‌లో తేదీ పద్ధతి అమెరికా వాళ్ళది, ముందు నెల, తర్వాత రోజు. ఆయన ఐదు, తొమ్మిది అని కొడితే అది మే తొమ్మిది అనుకుంది. మే తొమ్మిదిన తద్దినం మిల్లు వాళ్ళది. పన్నెండు దాటితే అది నెల కాలేదు కాబట్టి, ఏమీ అనకుండా, రోజు కిందే తీసుకునేది.

"తప్పని సెప్పదా?"

"చెప్పదండి. సర్దుకుపోతుంది."

"సర్దుకుపోయేవాళ్ళతోనే సచ్చే సావు" అన్నారు, ఆ రోజు మొదటిసారి నవ్వి.

ఆ సాయంత్రమే మార్చాను. తేదీ ఒకేచోట కొట్టడం తీసేసి మూడు గడులు పెట్టాను. రోజు? నెల? ఏడాది? అని విడివిడిగా అడుగుతుంది, ఇంక అనుకోవడానికి దానికేమీ మిగల్లేదు. వెతకడం కూడా పైకి కనిపించే రూపంతో కాకుండా లోపలున్న అంకెతో వెతకమన్నాను. లోపల అంకేమిటని అడిగారు. మిషనుకి తేదీ అంటే రోజూ నెలా కాదండీ, ఎప్పుడో ఒక మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా గడిచిన రోజుల లెక్క, అన్నాను. పైన ముగ్గులున్నా, నెల ముందున్నా వెనకున్నా, ఆ అంకె మారదు.

ఆయన నడక ఆపి నా పక్కన చాప మీద కూర్చున్నారు. "అహర్గణం" అన్నారు. పంచాంగం గుణించేవాళ్ళు ముందు కట్టుకునేది ఆ లెక్కేనట, మొదటి రోజు నుంచి గడిచిన రోజులన్నీ. "మా నాన్నకి వొచ్చు. నాకు నేర్పబోతే నేను సైకిలు తొక్కడానికి పారిపోయీవోణ్ణి." ఇవాళ్టి అంకె ఎంతో చదవమన్నారు. చదివాను. "గట్టిగా" అన్నారు. మళ్ళీ చదివాను. ఆయన కళ్ళు మూసుకుని దాన్ని ఒకసారి పైకి అనుకున్నారు.

సంగతి బరంపురం చేరింది. మేనల్లుడు వచ్చి మర్యాదగానే అడిగాడు, ఇంక ఇళ్ళు నాకప్పగించు మావయ్యా అని. ఆయన, ఇంకోసారి ఎవరి తిథైనా తప్పితే అడక్కుండానే ఇచ్చేస్తానన్నారు. ఆ మాట మా ఇద్దరి మీదా పడింది. నాకు లైబ్రరీలో ఉద్యోగం వచ్చాక కూడా సాయంత్రం బండి దిగి ముందు ఆయన వరండాకే వెళ్ళేదాన్ని. ఇల్లు చెప్పి తేదీ తెచ్చుకుంటే ఊరుకునేవారు కారు. ఆ తేదీ కొట్టి మళ్ళీ అదే ఇల్లు వస్తుందో లేదో చూపించాలి. "ఎల్లిన దారినే తిరిగొచ్చి సూడు. వేరే గుమ్మంలో తేలేవంటే ఎక్కడో తప్పిపోయినట్టే." ఆ తర్వాత ఎవరి తిథీ తప్పలేదు. ఉగాదికి కొత్త పంచాంగం వస్తే మళ్ళీ కూర్చుని ఎక్కించాం. ఈసారి 'జ్యేష్ఠ' దగ్గర నేను ఆగలేదు.

ఆయన పోయింది ఆ జ్యేష్ఠంలోనే, పున్నమి దాటాక.

కర్మ రోజున ఆయన పెరడంతా ఆయన ఇళ్ళవాళ్ళే. వర్షం వస్తుందనుకుంటే రాలేదు, ఉక్క. మేనల్లుడు చేయించాల్సినవన్నీ శ్రద్ధగా చేయించాడు. భోజనాలయ్యాక పక్కింటి ఒడియా పెద్దాయన ఇది ఆషాఢం అన్నాడు, మావాళ్ళు జ్యేష్ఠం అన్నారు. ఇద్దరూ ఒకరినొకరు సరిదిద్దుకోబోయి, ఆగి, పంతులు గారి కుర్చీ వైపు చూశారు. మధ్యలో ఆ ప్రశ్న అడిగే మనిషి లేడు.

నేను వరండాలో నిలబడలేక, కూర్చోలేక, స్తంభం చుట్టూ తిరుగుతున్నాను. సూరత్ పెద్దమ్మ దగ్గరికొచ్చి, "మా ఆయన తిథి ఈ ఏడు ఎప్పుడొస్తాదమ్మా? సూరత్ ఫోన్ సెయ్యాల" అంది.

"ఆయన మేనల్లుడు గారు చెప్తారు కదా పెద్దమ్మా."

"సెప్తారు. లెక్క నీ దగ్గరున్నాది గదా. ఆ ముసిలాయనకి కళ్ళు లేవని మాకు తెల్దేటి? పుస్తకం తిరగేసి పట్టుకుంటే సూసేను. మా ఊరందరికీ తెలుసు."

"మరి ఎవరూ అనలేదేం?"

"ఏటనాల? తేదీ సరిగ్గానే సెప్పీవోడు. దారి తప్పిన రోజున కూడా పొద్దు వాలకముందే వొచ్చేడు."

అందరికీ తెలుసు. ఆయన అంత జాగ్రత్తగా దాచుకున్నది ఆయన ముందు ఎవరూ బయటపెట్టలేదు. ఇళ్ళు పోతాయని ఆయన పడ్డ భయం గుర్తొచ్చి, ఈ మాట ఆయనకి చెప్పాలని గేటు వైపు రెండడుగులు వేశాను కూడా.

మేనల్లుడు లోపల్నుంచి ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన కుర్చీలో పెట్టాడు. "అమ్మాయ్, ఈ ఇళ్ళు నేను చూసుకుంటాను. కానీ ఇది నువ్వే చూడాలి. ముందు మావయ్యది రాయి. వచ్చే నెల మాసికం ఎప్పుడు పడుతుందో చెప్పు."

మూత తీశాను. ఆయన అక్షరాలు ఇంకా పెద్దవి చేయించుకున్నారు. తేదీల కాలమంతా ముగ్గులే. వెడల్పు చేయబోయి ఊరుకున్నాను. ఇళ్ళ పేజీలో అడుగున ఒక వరస చేర్చి, లైబ్రరీ చీటీ మీద రాసుకున్న వేళకి ఏ తిథో చూసి కొట్టాను. మొదటి బొత్తాం నొక్కితే మాసికం తేదీ వచ్చింది. దాన్ని పట్టుకుని వెళ్ళిన దారినే తిరిగొచ్చాను. రోజు? నెల? ఏడాది?

మేనల్లుడు నా వైపు వంగి, చెవి దగ్గరికి తెచ్చాడు, పంతులు గారిలాగే. నేను చెవిలో చెప్పలేదు. లేచి నిలబడి, తేదీ పైకి చదివాను. నా గొంతు నాకు కొత్తగా వినిపించింది. వెనక వరసలో ఎవరో అది మళ్ళీ అనుకున్నారు, గుర్తుంచుకోవడానికి.

కుర్చీలో తెర వెలుగుతూ ఉంది. ఆ సైజు అక్షరాల్లో ఒక్క ఇంటి పేరే పడుతుంది, ఇంకేదానికీ చోటు లేదు. పంతులు గారి ఇల్లు. గేటు దగ్గర చెప్పులేసుకుంటున్నవాళ్ళకి కూడా అది కనబడుతోంది.